తమ్ముడు కోరుకున్న భాగం

చేను పంచడం తేలిగ్గానే అయిపోయింది. చిక్కంతా కంటికి కనపడని నాణెం దగ్గరే వచ్చింది.

గాలిమరలకు పొలం లీజుకిచ్చిన డబ్బుతో నాయన క్రిప్టో నాణేలు కొన్నాడు. కొనిపించింది చిన్నకొడుకు భరత్. వాడికి అనంతపురంలో వ్యాపారం. ఆ నాణేలకు తాళంచెవి కొన్ని రహస్యపు మాటలు. అవి ఫోన్లో కొట్టిన వాడిదే పెత్తనం. తాను పోయాక ఎవడో ఒక్కడే మింగేస్తాడని, నాయన ఆ మాటలు ఇద్దరు కొడుకులకూ బట్టీ పట్టించి మరీ పోయాడు. కొడుకుల మీద ఆయనకంత నమ్మకం!

భాగాల వేళకు నాణెం కూడా రెండుగా చీలింది.

"దాన్ని నడిపేవోళ్లకు పడలేదు పెదనాయనా," భరత్ పంచాయతీ పెద్ద ఆదెన్నకు చెప్పాడు. "పాత కట్టుబాటే ఉండాలని కొందరు, మార్చాలని కొందరు. పాతోళ్ల లెక్క పాతోళ్లు రాసుకుంటాండారు, కొత్తోళ్ల లెక్క కొత్తోళ్లు. చీలకముందు మనకెన్ని ఉన్నాయో, ఇప్పుడు రెండు పక్కలా అన్నుండాయి. తాళం మాటలు రెండిటికీ అవే."

"మనూరి రాజకీయం మాదిరే గదప్పా," అన్నాడు ఆదెన్న. అందరూ నవ్వారు. పెద్దకొడుకు పుల్లన్న మాత్రం నవ్వలేదు.

"అయితే రెండిట్లోనూ చెరిసగం తీసుకోండి," అన్నాడు ఆదెన్న.

"ఇప్పుడే ముక్కలు చేసేదానికి లేదు పెదనాయనా. చీలిక ఇంకా పచ్చిగా ఉండాది, కదిలియ్యకూడదు. ఒకరికి పాతది, ఒకరికి కొత్తది. అంతే."

పాతది మంచి ధర పలుకుతోంది. కొత్తదానికి అందులో పదో వంతు కూడా లేదు. భాగాల్లో ముందు కోరుకునే హక్కు చిన్నవాడిది. ఇక పాతది తమ్ముడిదేనని పుల్లన్న పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. బోరు ఎండిపోయి, బత్తాయిలు కాసే అతని చీనీ చెట్లు నిలువునా వాడుతున్నాయి.

"నాకు కొత్తది చాలు," అన్నాడు భరత్. "అన్న చీనీతోట ఎండిపోతాంది. పాతది అన్నకే."

ఆదెన్న తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. "తమ్ముడంటే వీడప్పా!" అన్నాడు. తర్వాత గొంతు గట్టి చేసుకుని తీర్పు చెప్పాడు. "ఒకరి నాణెం ఇంకొకరు ముట్టుకుంటే, ముట్టుకున్నోడికి చేన్లో భాగం లేదు." ఇద్దరూ నాయన పటం మీద చెయ్యేసి ఒప్పుకున్నారు.

భరత్ అన్న కాళ్లకు మొక్కాడు. బండెక్కుతూ చెప్పాడు. "నెల్లాళ్లు ఓపిక పట్టన్నా. నేనే వచ్చి రెండూ విడదీసిపెడతా. అంతదాకా ఎవురికీ అమ్మొద్దు. అనంతపురంలో టవర్ క్లాక్ వెనక సందులో తిప్పేష్ అని ఒగడుంటాడు. ఏది తెచ్చినా కొంటాడు, ఎవురిదని గూడా అడగడు. అట్లాటోళ్ల దగ్గరికి పోవద్దు."

చిన్నప్పుడు తిరునాళ్లలో తమ్ముడి చేతిలో మిఠాయి కూడా పుల్లన్నే తినేవాడు. వాడు ఏడ్చేవాడు కాదు. ఊరికే చూస్తూ ఉండేవాడు. అలాంటివాడికి ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎలా పుట్టుకొచ్చిందో పుల్లన్నకు అర్థం కాలేదు.

"కొత్తది పెరుగుతాదని వానికి ముందే తెలిసుంటాది," అన్నాడు భార్య వనజాక్షితో. "అందుకే నెల్లాళ్లు ఆగమంటాండాడు."

"నీకిచ్చింది నువ్వు అమ్ముకుని బోరేయించు. వాని గొడవ నీకేల?"

"నాది నాకుండనీ. వాని దాంతోనే బోరేయిస్తా. అడిగితే ఎవురో దొంగలు కొట్టేసినారంటా."

వనజాక్షి మొగుడి వంక అసహ్యంగా చూసి లోపలికి వెళ్లిపోయింది.

టవర్ క్లాక్ వెనక సందు వెతుక్కోవడం కష్టం కాలేదు. తిప్పేష్ నిజంగానే ఏమీ అడగలేదు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. పుల్లన్న రహస్యపు మాటలు కొట్టి కొత్త నాణేలన్నీ పంపేశాడు. తిప్పేష్ డబ్బు సంచిలో పెట్టి ఇచ్చాడు. సరిగ్గా ఒక బోరుకు సరిపోయేంత.

బోరు లారీ వచ్చి రెండు రోజులు గుయ్యిమంది. పైకి దుమ్ము లేచిందే గాని చుక్క పడలేదు.

రెండో బోరుకు తన నాణెం అమ్మక తప్పలేదు. ఫోన్ తెరిస్తే పాతదాని దగ్గర సున్నా కనపడింది. పుల్లన్న దొరికిన బస్సెక్కి తిప్పేష్ దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ మాటలు కొట్టినావంటే సంతకం పెట్టినట్టే. రెండు నాణేలూ విడదీయకముందు ఒక సంతకం రెండు పక్కలా చెల్లుతాదన్నా," అన్నాడు తిప్పేష్ తాపీగా. "కొత్తది పంపిస్తానని నువ్వు ఈడ చేసిన సంతకాన్నే పాత లెక్కలోనూ చూపించినారు. దాని ఎనకాలే ఇదీ వచ్చేసింది."

"అది నాదప్పా! నా తోటకు దిక్కు అదే! నాకిచ్చేయ్."

"కొన్నోన్ని నేను గాదన్నా. నేను జీతగాన్ని. అంగడి మా ఓనరుది."

పోలీసుల దగ్గరికి వెళ్తే పంచాయతీకి తెలుస్తుంది. పంచాయతీకి తెలిస్తే చేను కూడా పోతుంది. పుల్లన్న అరవబోయి నోరు మూసుకున్నాడు. కుర్చీలో కూలబడి, చేతులు జోడించాడు.

"ఆయప్పను ఒకసారి పిలువు. కాళ్లు పట్టుకుంటా."

తిప్పేష్ సందులోకి తొంగిచూసి టీ కేకేశాడు. వేడి గ్లాసు పుల్లన్న ముందు పెట్టాడు.

"పిలవొద్దన్నాడన్నా. 'మాయన్న రెండుసార్లు వస్తాడు, రెండుసార్లూ టీ ఇప్పించు' అని మాత్రం చెప్పి పోయినాడు."