నాలుగో బోల్టు

"చోర్ ఛే! చోర్!"

ఎదురింటి గుజరాతీ ఆవిడ కేక విని శివకృష్ణ రెండో అంతస్తు నుంచి మెట్లు దూకుతూ దిగాడు.

దూకక ఏం చేస్తాడు! కింద ఉన్నది కొత్త బండి. ఇంకా పూలదండ కూడా వాడలేదు.

దాని వెనుక చక్రం దగ్గర ఎవరో ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పానా. పక్కన బట్టల సంచి.

శివకృష్ణ కాలర్ పట్టి లేపాడు.

"ఏం విప్పుతున్నవురా?"

"విప్పుత లేను బిడ్డా. జర ఆగు. ఇంకొక్క బోల్టే ఉంది."

"ఇంకొక్కటేనట! విన్నవా మహేశ్? చెప్పి మరీ ఎత్తుకపోతడట!"

పక్క గదిలో ఉండే స్నేహితుడు మహేశ్ అప్పటికే వచ్చాడు. పానా లాక్కుని మురుగు కాలువలోకి విసిరాడు. చెంప మీద ఒక్కటిచ్చాడు.

ముసలాయన పెదవి చిట్లింది. చూపు మాత్రం బండి మీదే ఉంది.

"కొడితే కొట్టిండ్రు. గా ఒక్క బోల్టు..."

"నడువ్! పోలీసులను పిలువకముందే నడువ్!"

ముసలాయన సంచి భుజాన వేసుకుని, తిరిగి తిరిగి చూసుకుంటూ, గల్లీ మొదట్లో ఉన్న సారక్క చాయ్ బండి వైపు వెళ్లిపోయాడు.

శివకృష్ణ అద్దాలు చూశాడు. బ్యాటరీ చూశాడు. పెట్రోలు పైపు తడిమాడు. ఏదీ పోలేదు.

అంతలో తల్లి భాగ్యలక్ష్మి దిగివచ్చింది. చేతిలో అన్నం డబ్బా, ఒంటి మీద కొత్త చీర. సూరత్ చీర సంగతి తెలిసిందే కదా, భుజాన వేస్తే జారి మోచేతికొస్తుంది.

"ఇంకెప్పుడురా? పిల్ల కండ్లు తెరిచిందట, నేనింకా ఈడనే ఉన్న!"

కామ్‌రేజ్ దవాఖానలో కూతురు రుచితకు పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. కబురు తెలిసినప్పటి నుంచి భాగ్యలక్ష్మి కాలు ఒకచోట నిలవడం లేదు.

"కూసో అమ్మా. గాలి లెక్క పోదాం."

"ఏడ కూసోవాలెరా? ఇది సీటా, అటకా?"

అటకే మరి. ఆ లేచిన తోక చూసే కదా కొన్నాడు.

షోరూంలో దాని కోసం మహేశ్‌తో ఎంత వాదన! ఎర్రదానికి దీపాలు బాగున్నాయంటాడు మహేశ్. నల్లదానికి తోక బాగుందంటాడు శివకృష్ణ. ఎర్రది ఎద్దు మూపురంలా ఉంది. నల్లది కుట్టబోయే తేలులా ఉంది. చివరికి తేలే గెలిచింది.

"మరి గా సారీ గార్డు?" మహేశ్ ముఖం చిట్లించాడు. "కిటికీ జాలీ లెక్క. స్టైలంతా ఖరాబ్!"

వెనుక కూర్చున్నవాళ్ల చీర చక్రంలో పడకుండా అడ్డం ఉండే ఇనుప జాలీ అది.

తాత నాటి నుంచి చీరలు నేసి బతికిన ఇల్లు శివకృష్ణది. అయినా తీసెయ్యమని అనేశాడు.

"నికాల్ దో, భాయ్."

జాలీ విప్పడానికి బండి పక్కన కూర్చున్నవాడెవరో కింది నుంచి తెలుగులోనే అడిగాడు.

"వెనుక ఎవరు కూసుంటరు బిడ్డా?"

"వెనుక గాలి కూసుంటది కాకా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. అప్పటికే ఫోటోల్లో పడ్డారు. అడిగిన మనిషి ముఖం వంగి చూడలేదు.

తల్లిని వెనుక ఎక్కించుకుని, సూరత్ శివారు అమ్రోలి దాటగానే శివకృష్ణ బండిని ఉరికించాడు.

"జర మెల్లగరా! పిల్ల ఏడికీ ఉరకదు!"

"పొద్దుగాల సంది తొందర పెట్టింది నువ్వే గదనే!"

లారీని దాటాడు. గాలి ఒక్కసారిగా కొట్టింది. భాగ్యలక్ష్మి కొంగు భుజం మీద నుంచి లేచిపోయింది.

"శివా!"

నడుం పట్టుకున్న చేయి జారింది. శివకృష్ణ బ్రేకు నొక్కాడు. బండి ఊగి, రోడ్డు పక్కన ఆగింది.

తల్లి సీటు మీదే ఉంది. డబ్బాను పొట్టకు అదుముకుని.

కొంగు చక్రం దాకా పోయింది. అక్కడ ఇనుప జాలీకి కొట్టుకుని ఆగింది. ఒక్క మూల మాత్రం జాలీ కొంచెం ఊగులాడుతోంది. ఆ సందులో దూరిన చెంగు చిరిగి, నల్లబడి ఉంది.

"దీన్ని విప్పిచ్చిన అన్నవు గదరా?"

శివకృష్ణ రోడ్డు మీదే వంగి చూశాడు. తన జాలీయే. మూడు బోల్టులు గట్టిగా ఉన్నాయి. నాలుగో రంధ్రం ఖాళీ.

పొద్దున పోయినవే వెతికాడు. వచ్చినదాన్ని చూడలేదు.

ఇంకొక్క బోల్టే ఉంది... వెనుక ఎవరు కూసుంటరు బిడ్డా...

రెండూ ఒకే గొంతు.

తల్లిని ఆటో ఎక్కించి, బండిని వెనక్కి తిప్పి చాయ్ బండి దగ్గర ఆపాడు.

"అక్కా, పొద్దుగాల పెదవి చిట్లినాయన ఏడి?"

సారక్క తలెత్తలేదు.

"ఊరికి పోయిండు. రైలు కదిలే ఉంటది. ఇగ సూరత్ మొకం చూడనన్నడు."

చక్కెర డబ్బా మూత మీద ఉన్న బోల్టు తీసి అతని అరచేతిలో పెట్టింది.

"నల్ల బండి పిల్లగానికి ఇయ్యమన్నడు. మంచిగ బిగించుకొమ్మన్నడు."

"షోరూంల జాలీలు విప్పేటాయనేనా?"

"ఆయనే, లస్మయ్య. మీరు పారేసినయన్ని దాసిపెట్టి, అడ్రసులు అడుక్కుంట, ఇల్లిల్లు తిరిగి మళ్ల బిగిచ్చిండు. ఊరికి పోయే ముందు నీదొక్కటి మిగిలిందని వచ్చిండు."

"ఎందుకక్కా? విప్పమన్నది మేమే గద! ఆయన తప్పేంది?"

సారక్క పొయ్యి మంట తగ్గించింది.

"ఆయన మొదట విప్పింది కన్నకొడుకు బండికే తమ్మీ. వెనుక కూసున్న కోడలు ఇల్లు చేరలే."