తిప్పేసిన తాత

ఫోన్ మోగింది. నంబరు చూసి డిజైనర్ తల పట్టుకున్నాడు. మళ్ళీ ఆవిడే.

"బాబూ, తాత చెయ్యి ఇంకా మార్చలేదు."

కొత్త వీడియో గేముకు వెబ్‌సైట్ తయారుచేస్తున్నాడతను. పేజీ తెరవగానే గేములోని తాత గుమ్మంలోకి వచ్చి, చెయ్యి ఊపి లోపలికి పిలుస్తాడు. మౌస్ ఎటు కదిపితే అటు చూస్తాడు.

సాయంత్రం ఐదింటికి సైట్ విడుదల.

ముందే చూసి చెప్పమని గేము కంపెనీ ఇరవైమందికి లింకు పంపింది. పందొమ్మిదిమంది బాగుందని ఊరుకున్నారు. ఈవిడ మాత్రం వారం రోజులుగా పూటకో ఫోను. పేజీ అడుగున తన నంబరు పెట్టుకున్నందుకు తన్ను తానే తిట్టుకోని గంట లేదు.

"ఆయన పిలిచేది ఎడమచేత్తో. నువ్వు కుడిచెయ్యి ఊపిస్తున్నావు."

ఆ సంగతి అతనికీ తెలుసు. 'ఆట మొదలుపెట్టండి' అనే బటన్ ఒకవైపు, తాత తిరిగి నిలబడింది ఇంకోవైపు. అందుకని బొమ్మను అద్దంలోలా అటుదిటు తిప్పేశాడు. దాంతో చెయ్యీ మారిపోయింది.

"బొమ్మకు ఎడమేంటి, కుడేంటి? ఎవరు చూస్తారండీ?"

"పిలిచేముందు కళ్ళజోడు పైకి తోసుకుంటారు. అదీ తీసేశావు."

"పేజీ బరువై ఆలస్యంగా తెరుచుకుంటోందని తీశానమ్మా!"

"ఆయన బరువా? ఊదితే ఎగిరిపోతారు."

అతనికి ఒళ్ళు మండింది.

"నా తలకాయ తినకండి! చూడలేకపోతే చూడటం మానెయ్యండి."



"సరేలే బాబూ. ఇక తెరవను."

పీడ విరగడైందనుకుని ఆ నంబరును బ్లాక్ చేసిపారేశాడు.

నాలుగింటికి గేము కంపెనీ యజమానురాలి ఫోన్.

"ఈ తాతెవరు?"

"మీ తాతేనండీ."

"కాదు. మా తాత ఎడమచేత్తో పిలుస్తాడు. ముందు కళ్ళజోడు సర్దుకుంటాడు. అలా ఉంటేనే సైట్ బయటికి వెళ్తుంది."

తిట్టుకుంటూనే బటన్‌ను అవతలికి జరిపాడు. తాతను మళ్ళీ మొదటిలా తిప్పాడు. కళ్ళజోడు కదలిక తిరిగి పెట్టాడు. పది నిమిషాల పని. తాత కళ్ళజోడు పైకి తోసుకుని, ఎడమచేత్తో రమ్మన్నాడు. ఈసారి నిజంగా ఎవరో పిలిచినట్టే ఉంది.

ఆవిడ నంబరు బ్లాక్ తీసి మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ మోగి ఆగిపోయింది.

యజమానురాలికి చేశాడు.

"అయిపోయిందండీ. మీరు పెట్టిన టెస్టర్లలో ఒక పెద్దావిడ వారంగా ఇదే చెప్తోంది. నేనే కసిరేశాను. ఇక తెరవనంది."

"పెద్దావిడ టెస్టరేమిటి? ఆవిడ మా ఆర్టిస్టుగారి భార్య."

"ఆయన ఇప్పుడు..."

"తాతను అచ్చం తనలాగే గీసి, గేము పూర్తికాకముందే పోయారు. ఆవిడకు లింకు పంపింది తప్పులు పట్టమని కాదు, ఆయన్ని చూసుకోమని."