మొదటి లైను

తెర అడుగున, కుడి మూలన, ఆవగింజంత ఎర్రచుక్క.

అది పచ్చబడితే నగ్మాకి సోమవారం నుంచి ఉద్యోగం. పచ్చబడకపోతే రేపల్లెలో ఇల్లు, వంట, అంతే.

పొద్దున బండెక్కిస్తూ భర్త అక్బర్ ఆ మాటే అన్నాడు. "ఇవాళ్టితో తేలిపోవాలి నగ్మా. పిల్లకి ఒళ్లు కాలిపోతుంటే కంప్యూటరేంటని అమ్మ అడుగుతోంది. ఏం చెప్పను?"

సిమ్రాన్‌కి మూడేళ్లు. రాత్రంతా జ్వరం. తెల్లారినా దిగలేదు.

తెనాలి బస్టాండు వెనక, మేడ మీది కంప్యూటర్ సెంటర్లో వెబ్‌సైట్లు చెయ్యడం నేర్పే మనిషి కావాలి. ఇన్నాళ్లూ నేర్పిన సింధు పెళ్లి కుదిరి బాపట్ల వెళ్లిపోతోంది. డిగ్రీ లేకపోయినా ఫర్వాలేదు, పని వస్తే చాలన్నాడు సెంటర్ నడిపే ప్రకాశరావు సారు.

పరీక్ష చిన్నదే. ఖాళీ కంప్యూటర్లో వెబ్‌సైట్లని నడిపే ప్రోగ్రాం, వెబ్ సర్వర్, ఎక్కించాలి. అది నడవాలి, చుక్క పచ్చబడాలి.

ఎక్కింది. నడవనంటోంది.

నగ్మా దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. తెర మీద మళ్లీ అదే డబ్బా, అదే ఇంగ్లీషు ముక్క: మీరడిగిన పని కాలేదు.

ఎందుకు కాలేదో చెప్పదు.

"మూడింటికి కరెంటు తీసేస్తారమ్మా," అన్నాడు ప్రకాశరావు సారు. "ఈలోపు కాకపోతే ఇంకొకళ్లని చూసుకుంటా. ఏమనుకోకు."

"అలాగేనండి."

చెమటకి మౌసు చేతిలో జారిపోతోంది. ఒళ్లో ఫోను ఉంది. ఇందాక అత్తగారు షంషున్నీసా చేసినప్పుడు వెనకాల సిమ్రాన్ ఏడుపు వినిపించింది. "దిగలేదు," అని పెట్టేసింది అత్త. తిరిగి చేద్దామంటే బ్యాలెన్సు లేదు.

సింధు కుర్చీ ఈడ్చుకుంటూ పక్కకి వచ్చింది. "దానికేసి అలా చూస్తే జడుసుకుని ఇంకా నడవదక్కా. కాస్త జరుగు."

మెనూలో ఎక్కడో నొక్కింది. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది, నిండా తెల్ల అక్షరాలు. సింధు చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"మొదటి లైన్లోనే తప్పంట. ఏం రాశావక్కా అక్కడ?"

సర్వర్ ఎలా నడవాలో చెప్పే ఫైలు ఒకటుంది. అందులో రెండు మార్పులు చెయ్యాలి. నగ్మా చేసింది. చెయ్యబోయే ముందు, ఫైలు తెరవగానే, అన్నిటికన్నా పైన కొత్తగా ఒక లైను రాసింది.

786.

బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టినట్టు. వాళ్లింట్లో ఏ కాగితం మీదైనా ముందు అదే. పెళ్లి కార్డు మీదా, పచారీ చీటీ మీదా. ఇంటర్ మొదటేడు ప్రతి పరీక్ష పేపరు మీదా రాసింది. రెండో ఏడు పేపర్లు రాయలేదు. ఈలోపే పెళ్లి చేశారు.

సర్వర్ దాన్ని తనకి చెప్పిన పని అనుకుంది. అలాంటి పని దానికి తెలియదు. సర్వర్ని తీసేసి మళ్లీ ఎక్కించినా, ఆ పాత ఫైలు మాత్రం అలాగే ఉండిపోయింది.

ప్రకాశరావు సారు వంగి చూసి నవ్వాడు. "నయం. నేనైతే శ్రీరామ అని రాసుండేవాణ్ణి."

"నేను సిలువ వేశాను సారూ, కొత్తలో. దానికి ప్లస్సులా కనపడింది," అంది సింధు.

ఇద్దరూ నవ్వారు. నగ్మా నవ్వలేదు.

"తీసెయ్యమ్మా, ఒక్క లైనేగా."

కర్సరు ఆరు పక్కన ఆడుతోంది. వేలు కీ మీదకి వెళ్లింది. నొక్కలేకపోయింది.

మరిచిపోయి రాయకపోవడం వేరు. రాసింది చేతులారా చెరపడం వేరు. ఎప్పుడూ చెరపలేదు. అందులోనూ ఇవాళ.

ఫోను మోగలేదు. అది మంచికో చెడుకో తెలియలేదు.

"అక్కా, టైమవుతోంది."

"నా వల్ల కాదు సింధూ. అక్కడ పిల్ల..."

సారు నవ్వు ఆగిపోయింది. గడియారం వంక చూడబోయి మానుకున్నాడు.

సింధు చెయ్యి కీబోర్డు దాకా వచ్చి వెనక్కి పోయింది.

"చెరపొద్దులే. దాని ముందు హాష్ గుర్తు పెట్టు. ఆ గుర్తున్న లైను మిషను చదవదు. మనం చదువుకోవచ్చు."

"ఉంటుందా?"

"ఉండక ఎక్కడికి పోద్ది?"

నగ్మా పెదాలు కదిలాయి. గుర్తు కొట్టింది. సర్వర్ని మళ్లీ నడవమంది.

చుక్క పచ్చబడింది.

"సోమవారం వచ్చెయ్యమ్మా," అన్నాడు సారు. ఆ మాట పూర్తవుతుండగానే ఫ్యాను ఆగింది.

రేపల్లె స్టేషన్లో అక్బర్ నిలబడి ఉన్నాడు, సిమ్రాన్‌ని భుజాన వేసుకుని.

"మధ్యాహ్నమే దిగింది జ్వరం. అమ్మీ దగ్గరికి తీసుకెళ్లమని ఒకటే గోల." పిల్లని సర్దుకున్నాడు. "ఏమైంది?"

"సోమవారం నుంచి రమ్మన్నారండి."

బండి దిగిన జనమంతా గేటు దాటి వెళ్లిపోయేదాకా అక్బర్ అటే చూశాడు.

"పొద్దుటి బండికేనా?" అన్నాడు చివరికి.

నగ్మా తలూపింది. పిల్ల కోసం చేతులు చాపింది.

సిమ్రాన్ కళ్లు తెరిచి అమ్మని చూసింది. నాన్న చొక్కా గుప్పిట్లో బిగించి పట్టుకుని, మొహం అటు తిప్పుకుంది.

నగ్మా చాపిన చేతులు చాపినట్టే ఉంచింది.