లక్ష్మయ్య కుడి మోకాలు

“చంపేసినావు కదే! మళ్లీ చంపేసినావు!”

సల్మా పాచికలు తీసి రేవతి మొహాన విసిరింది. “నువ్వూ, ఆ నీ లక్ష్మయ్యా! మూడు వారాలుగా ఆ పిల్లను మా చేతికి చిక్కనీలే. దానికేం పాపం తెలుసే?”

మదనపల్లెలో జుబేర్ వాళ్ల పరుపుల అంగడి. దాని మేడ మీద గది. ఆదివారం ఉదయం నలుగురూ అక్కడ చేరి, పాత్రలు వేసుకొని ఆడతారు. కథ నడిపేది జుబేర్. ఆడేది అతని చెల్లెలు సల్మా, పుంగనూరు మునిశేఖర్, ఉద్యోగం కోసం కుప్పం నుంచి వచ్చిన రేవతి. తన పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్పాలి. అది జరిగిందా లేదా పాచికలు తేలుస్తాయి.

జుబేర్ పెట్టిన రూలు ఒక్కటే. ఎవరి పాత్రను వాళ్లే తయారుచేసుకోవాలి. అది తమకు పూర్తిగా వ్యతిరేకమైన మనిషి అయి ఉండాలి. కోడిని కోస్తుంటే కళ్లు మూసుకునే మునిశేఖర్ రౌడీ అయ్యాడు. బల్లిని చూసి కేకలు పెట్టే సల్మా దేనికీ జడవని విలేకరి అయింది.

గట్టిగా నాలుగు మాటలు మాట్లాడని రేవతి లక్ష్మయ్యను తయారుచేసింది. ఎండాకాలంలో కూడా తల మీది చున్నీ తీయని పిల్ల. “మా నానమ్మ చాంద్ బీ కూడా ఇంత బిగించి సుట్టదు కదమ్మా,” అని సల్మా ఏడిపించేది. అట్లాంటి పిల్ల కాగితం నిండా రాసింది.

లక్ష్మయ్య, యాభై రెండేళ్లు, దయ్యాల పరిశోధకుడు. విజిటింగ్ కార్డు మీద అదే ఉంటుంది. మంత్రగాడు అంటే కోపం. కరెంటు టెస్టర్ నుదుటికి ఆనిస్తాడు. బల్బు వెలిగితే లోపల దయ్యం ఉన్నట్టు. అంతా నోటుబుక్కులో రాసుకుంటాడు. నమ్మకం: ఇరవైకి ఇరవై. జాలి: సున్నా. బలహీనత: కుడి మోకాలు. బైకు మీంచి పడినప్పటి నుంచి వంగదు.

చోటు కూడా తనే గీసింది. టమేటా క్రేట్లు పెట్టే రేకుల షెడ్డు. ముందు తలుపుకు లోపల ఇనుప గడియ. వెనక మనిషెత్తు క్రేట్లు.

లోపల అనిత. పంతొమ్మిదేళ్లు. మూర్ఛలొస్తాయి. దయ్యం పట్టిందని మేనత్త తెచ్చి అప్పగించింది. అమావాస్య మధ్యాహ్నం ఒంటిగంటకు లక్ష్మయ్య మొదలుపెడతాడు. అనితను ప్రాణాలతో బయటికి తేవాలి. అదే ఆట.

మొదటి వారం సల్మా విలేకరిగా పోలీసులకు ఫోన్ చేసింది.

“ఎస్సై వచ్చినాడు. తాయెత్తు కట్టించుకొని పోయినాడు,” అంది రేవతి.

“ఇదెక్కడి అన్యాయమప్పా!” అన్నాడు మునిశేఖర్.

“అట్లే అయ్యేది.”

రెండో వారం ముందు తలుపు పగలగొట్టారు. ఆలస్యమైంది. ఈరోజూ ఆ తలుపు దగ్గరే ఆలస్యమైంది. లోపల లక్ష్మయ్య అనిత జుట్టును గోడ మేకుకు చుట్టాడు. నీళ్లలో నానబెట్టిన చింతబరికె తీశాడు.

“యాడ్నించి వచ్చినావే? పేరు చెప్పు!” రేవతి గొంతే మారిపోయింది. అరికాళ్లు, అరచేతులు, వీపు. వరసగా చెప్పుకుపోయింది. అరిస్తే దయ్యం నటిస్తోందని రాసుకున్నాడు. అరవకపోతే మొండి దయ్యమని రాసుకున్నాడు. చర్మం చిట్లి బరికెకు అంటుకొచ్చింది. మిరపకాయల పొగ పెట్టాడు. చివరికి ఆ పిల్ల కూలిపోయింది. మేకుకు జుట్టు మాత్రం మిగిలింది.

అప్పుడే సల్మా పాచికలు విసిరింది.

“ఇవన్నీ నీకెట్ల తెలుసే? రూలు తప్పినావు నువ్వు. నీకు వ్యతిరేకం కాదు వాడు, వాడే నువ్వు! ఎవుర్నో ఇట్ల కొట్టింటావు. ఎవుర్ని?”

రేవతి గోడ గడియారం చూసింది. పదిన్నర.

“ఇంకొక్కసారి ఆడండి. అనితను బయటికి తెస్తే సెప్తా.”

“సెప్పకపోతే ఇంక ఈ మేడ ఎక్కొద్దమ్మా,” అన్నాడు జుబేర్.

“ఎక్కను.”

ఈసారి మునిశేఖర్ ముందు తలుపు జోలికి పోలేదు. “గడ్డపారతో వెనక రేకు పీకుతాండా. క్రేట్లన్నీ వాని మీదికి తోస్తాండా.”

పాచిక తిరిగింది. క్రేట్లు కూలాయి.

“క్రేటు ఎత్తి కుడి మోకాలి మీద కొడతాండా. ఇంకోటి. ఇంకోటి!”

“విరిగింది,” అంది రేవతి. “వాడు పాకుతా బరికె అందుకుంటాండాడు.”

“సెయ్యి తొక్కినా!” వేళ్లు పటపటమన్నాయి. మునిశేఖర్ ఆగలేదు. అవే క్రేట్లతో లక్ష్మయ్య పళ్లు రాలగొట్టాడు. కోడిని కోస్తుంటే చూడలేని మనిషి బల్ల మీద పిడికిలి పగిలేటట్టు గుద్దుతున్నాడు.

సల్మా కత్తెరతో జుట్టు కత్తిరించి, అనితను భుజాన వేసుకొని రేకు సందులోంచి బయటపడింది.

“ఎంతసేపు పట్టింది?” రేవతి అడిగింది.

“ఆట లెక్కలో నాలుగు నిమిషాలు,” అన్నాడు జుబేర్.

మూడు వారాల్లో మొదటిసారి రేవతి నవ్వింది. “అన్నా, కింద పరుపుల ఆటోలో డీజిల్ ఉండాదా?”

“ఉండాదిలే. మాట మార్చొద్దు,” సల్మా మీదికొచ్చింది. “ఎవుర్ని కొట్టినావు?”

రేవతి చున్నీ తీసేసింది. నడినెత్తిన అరచేయంత మేర వెంట్రుక లేదు. చర్మం ఎర్రగా, నున్నగా మెరుస్తోంది.

“పోయినేడు ఆడ్నించి నేనొక్కదాన్నే పారిపోయొచ్చినా, ఆ షెడ్డు పుంగనూరు దాటినాక సదుం దారిలో ఉండాది, అనిత మా చెల్లెలు, మా మేనత్త ఇప్పుడు దాన్నీ ఆడ అప్పగించింది, ఈపొద్దే అమావాస్య, గడ్డపారా కత్తెరా తీసుకొని లెయ్యండి!”