ధర రాయని దుకాణం

నిజామాబాద్‌ల తుపాకుల దుకాణం నడిపే ముజీబ్ సాబ్ ముందట రుద్రూర్ రైతు భూమన్న తన ఫోన్ పెట్టిండు.

"మీ దుకాణం నెట్ల చూసిన సాబ్. తుపాకుల ఫోటోలున్నయి, ఒక్కదానికి గూడ ధర లేదు. ఎందుకు?"

"ధర మనిషిని చూసి చెప్తం పటేల్. ఫోన్ల మనిషి కనవడడు."

చాయ్ వచ్చింది. భూమన్న లైసెన్స్ తీసి ఇచ్చిండు. ముజీబ్ సాబ్ పేరు, తండ్రి పేరు, ఊరు నిదానంగ చదివిండు. కాయితాలన్నీ సక్కగనే ఉన్నయి.

"దేనికి తుపాకీ?"

"అడివి పందులకు. చెరుకంత ఆగం చేస్తున్నయి."

"ఎటుకెల్లి వస్తున్నయి?"

"మా తమ్ముని చేను ఒడ్డు దిక్కుకెల్లి."

"చెరుకు ఎప్పుడు కొట్టించినవ్?"

"పోయిన నెల."

"మరి ఇప్పుడు చేన్ల ఏమున్నది?"

భూమన్న చాయ్ గిలాస కింద పెట్టిండు. "మోళ్లున్నయి."

"నాలుగు లక్షలు," అన్నడు ముజీబ్ సాబ్, ఏ తుపాకీ దిక్కు చూడకనే.

"గంతనా? బోధన్‌ల ఒకాయన లక్ష అన్నడు."

"నిన్ను చూసి అన్నడా?"

"లేదు, ఫోన్ల."

ముజీబ్ సాబ్ లైసెన్స్ మడతపెట్టి వాపస్ ఇచ్చిండు. భూమన్న లేచి గడప దాకా పోయిండు.

"మొన్న మంగళారం మీ తమ్ముడు గూడ వచ్చిండు," అన్నడు ముజీబ్ సాబ్ వెనకకెల్లి. "ఆయన చేన్లకు పందులు నీ ఒడ్డు దిక్కుకెల్లి వస్తున్నయట. ఆయనకు ఐదు లక్షలు చెప్పిన."