బుట్టలో ఉల్లిపొట్టు

తలుపు చాటు నుంచి దూకి బసవమ్మ ఈరప్ప మణికట్టు పట్టుకుంది. ఆ మునిసిపాలిటీ చెత్తబండివాడి గుప్పిట్లో ఉల్లిపొట్టు, వంకాయ తొడిమలు. వాటిని అతడు ఆమె బుట్టలో వేయబోతున్నాడు.

"దొరికినవ్! నాలుగు దినాల నుంచి కాపు కాస్తున్న. చెత్త ఎత్తేటోడివి, నా బుట్టల ఏస్తున్నవేంది? పక్కింటి జయాబాయి ఏయమన్నదా?"

"మెల్లగ, అక్కా."

"ఎందుకు మెల్లగ? ఇంటింటికి వంటచెత్త బుట్ట పెట్టుమన్నప్పుడే అన్న, ఇందుల ఏదో మతలబు ఉన్నదని. కాలువ కింది వరికి ఎరువంట! ఎవరింట్ల ఏం వండుతున్నరో చూసెటందుకు కాదూ?"

గల్లీలో సగం మంది అనుమానమూ అదే. మిగతా సగం వీధి బాగుపడిందంటున్నారు. ఆ వాదన తేల్చడానికే మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వారం నుంచి రోజూ పొద్దున్నే వస్తున్నాడు; ఏ బుట్ట నిండిందో చూస్తూ ఇప్పుడు ఇక్కడికి మూడో ఇంటి దాకా వచ్చేశాడు.

ఈరప్ప గొంతు తగ్గించాడు. "ఖాళీ బుట్ట కనపడితే ఎందుకని సారు అందరి ముందర అడుగుతడు. పత్తి మిల్లు మూసి మీ ఆయన పని పోయినకాడికెల్లి మీ ఇంట్ల పొట్టు లేదక్కా. జయాబాయి బుట్టలకెల్లి నేనే తీసి ఏస్తున్న. ఆమెకు గూడ తెల్వది."

బసవమ్మ చేయి వదిలేసింది. గుప్పెడూ బుట్టలో పడింది.

"ఏంది గలాటా?" ఇన్‌స్పెక్టరు గుమ్మం ముందుకు వచ్చాడు.

ఆమె కొంగు సర్దుకుని బుట్టను ముందుకు జరిపింది.

"ఏం లేదు సారూ. ఈ బుట్ట మాకు సాలుతలేదు. జర పెద్దది ఇప్పించుండ్రి."