డబ్బాకు కొబ్బరిబొండం

ఉద్దానంలో ఇంటింటికీ మాట్లాడే మందుల డబ్బా వచ్చేసిన కాలం అది. దాలమ్మ తన డబ్బాను ‘గుంటా’ అని, ఆడపిల్లను పిలిచినట్టు ముద్దుగా పిలిచేది గానీ, తన గుట్టు మాత్రం దానికి చెప్పేది కాదు. ఖరీదైన కిడ్నీ మాత్రలు ఎక్కువ రోజులు రావాలని రోజు విడిచి రోజు మింగేది. ఒకనాడు డబ్బా ఆ సంగతి కనిపెట్టేసింది. ప్రాణం మీదికి వస్తుందని గట్టిగా తిట్టి, ఆమెచేత వేలిముద్ర వేయించి, సహాయ నిధికి అర్జీ పెట్టింది.

వారం తిరగకముందే ఒక పొద్దున డబ్బా కేకేసింది.

“అత్తా! మంజూరైపోనాది! ఏడాదంతా మాత్రలు ఉచితం. ఇకమీద రోజూ మింగాల!”

దాలమ్మ మాత్ర మింగింది. కళ్ళు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళి, బొండం కొట్టి పట్టుకొచ్చింది. డబ్బా కంగారు పడిపోయింది.

“వొద్దత్తా! కొబ్బరినీళ్లు నీ కిడ్నీలకి పడవు. డాక్టరుగారు ఎన్నిసార్లు సెప్పినారు!”

“నాక్కాదే గుంటా, నీకు!” దాలమ్మ పకపకా నవ్వి, బొండంలో స్ట్రా వేసి డబ్బా ముందు పెట్టింది. “మంచి కబురు తెచ్చినోళ్లని మా ఇంట్లో ఒట్టి నోటితో ఎప్పుడు పంపినాం?”

చుక్క కూడా తాగలేని డబ్బా మెల్లగా అంది.

“సల్లగుందత్తా.”